తోతాపురి, చక్కెర, పదహారు పైసలు

కోలారు జిల్లా చెరకు సీమ కాదు. రాగి, టమాటా, పట్టు, పాలు, మామిడి ఆ జిల్లా జనానికి బతుకుతెరువు కాగా, నూరేళ్లకు పైగా దానికి పేరు తెచ్చింది బంగారం. అయినా ప్రపంచ చక్కెర వ్యాపారాన్నీ, దాన్ని నడిపించే సంరక్షణ విధానాన్నీ, ఆ రెండింటి భారం మోసే మనుషుల ఆరోగ్యాన్నీ ఒక్కచోట పెట్టి చూడదలచిన వారికి కోలారు నేర్పినంత స్పష్టంగా నేర్పే జిల్లాలు దక్షిణాదిన అరుదు. సంరక్షణ విధానం అంటే, ఒక ప్రభుత్వం తన ఏలుబడిలోని రైతునో కర్మాగారాన్నో బయటి సరుకు పోటీ నుంచి కాపాడటానికి సుంకాలు, కోటాలు, నిషేధాలు, సబ్సిడీలు ప్రయోగించడం. 1932లో కట్టిన అలాంటి గోడ ఒకటి అప్పటి మైసూరు సంస్థానానికి మేలు చేసింది. 2025లో కట్టిన మరో గోడ అదే సంస్థానంలో భాగంగా ఉండిన కోలారు రైతుకు చేతికొచ్చిన పంటను దక్కనివ్వలేదు. రెండు గోడల లెక్కల్లోనూ రైతు ఉన్నాడు, ఫ్యాక్టరీ ఉంది, ఖజానా ఉంది; ఆ తీపిని లోపలికి పుచ్చుకునే ఒళ్లు మాత్రం లేదు.

మొదటి గోడ సంగతి తెలియాలంటే గనుల దగ్గరికి వెళ్లాలి. 1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఆధ్వర్యంలో కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) పుంజుకున్నాక, లోతుకు పోయే కొద్దీ నీటిని తోడటానికి, గాలిని పంపటానికి, రాయిని పిండి చేసే మిల్లులను తిప్పటానికి శక్తి చాలలేదు. కావేరి మీద శివనసముద్రం దగ్గర మైసూరు ప్రభుత్వం కట్టిన జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లో సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు ఇచ్చారు. ఆ కాలానికి అది ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ మార్గాల్లో ఒకటి. అయితే వేసవిలో నది సన్నగిలితే కరెంటూ సన్నగిలేది. అప్పటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్లిలో తెలుగు కుటుంబంలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, మైసూరు చీఫ్ ఇంజనీరుగా 1911లో కృష్ణరాజసాగరం ఆనకట్ట పనులు మొదలుపెట్టించినప్పుడు, ఆ ఖర్చును సమర్థించిన వాదనల్లో గనులకు ఏడాది పొడవునా నిలకడగా కరెంటు ఇవ్వటం ఒక ముఖ్యమైన వాదన. బంగారం కోసం నిలిపిన ఆ నీరే తర్వాత ఇర్విన్ కాలువలో పారి, మండ్య మెట్ట భూములను చెరకు పొలాలుగా మార్చింది. మైసూరు వ్యవసాయ శాఖను నడిపిన కెనడా శాస్త్రవేత్త లెస్లీ కోల్మన్ చొరవతో 1933లో మండ్యలో మైసూరు షుగర్ కంపెనీ వెలిసింది. కోలారు గని అవసరం లేకపోతే మండ్య చక్కెర పుట్టేదే కాదని చెప్పటం అతిశయోక్తి కావచ్చు గాని, అంత తొందరగా పుట్టేది కాదని చెప్పటానికి సందేహించనక్కర లేదు.

నీరు ఉన్నంత మాత్రాన చక్కెర మిల్లు నిలవదు. 1930 ప్రాంతాల్లో భారతదేశం ఏటా దాదాపు పది లక్షల టన్నుల దాకా చక్కెర దిగుమతి చేసుకునేది, అందులో అధిక భాగం డచ్చివారి ఏలుబడిలోని జావా దీవిది. టారిఫ్ బోర్డు, అంటే ఏ పరిశ్రమకు ఎంత సుంకం అండ కావాలో విచారించి చెప్పే సంఘం, సిఫారసు చేసిన మీదట 1932లో చక్కెర పరిశ్రమ సంరక్షణ చట్టం వచ్చింది. సుమారు 51 కిలోల హండ్రెడ్‌వెయిట్ ఒక్కింటికి 7 రూపాయల 4 అణాల రక్షణ సుంకం, దాని మీద సర్‌చార్జి. నాలుగైదేళ్లలో దేశంలో మిల్లుల సంఖ్య ముప్పై చిల్లర నుంచి నూట ముప్పై దాటింది, దిగుమతి దాదాపు ఆగిపోయింది, జావాలో మిల్లులు వరసగా మూతపడ్డాయి. మండ్య మిల్లు పుట్టింది ఆ గోడ నీడలోనే. గోడకు ఇవతల ఉన్నవారికి అది రక్షణ, అవతల చెరకు నరికే జావా కూలీకి అది పస్తు. ఆ చట్టాన్ని తప్పుపట్టటం ఇక్కడి ఉద్దేశం కాదు. కొత్తగా కళ్లు తెరుస్తున్న పరిశ్రమకు కొంతకాలం ఆసరా ఇవ్వటం న్యాయమే. కాని కొంతకాలానికి అని కట్టిన ఇలాంటి గోడలు చక్కెర విషయంలో చాలా దేశాల్లో పూర్తిగా కూలలేదన్నది చరిత్ర.

ఈ రోజు కూడా భారతదేశంలో చక్కెర దిగుమతి మీద నూటికి నూరు శాతం సుంకం ఉంది. చెరకుకు మిల్లులు తప్పనిసరిగా చెల్లించవలసిన ధరను, దీనినే ఎఫ్‌ఆర్‌పీ అంటారు, కేంద్రమే నిర్ణయిస్తుంది. 2025–26 కాలానికి అది క్వింటాలుకు 355 రూపాయలు. చక్కెర ఎక్కువైనప్పుడు ఎగుమతికి సబ్సిడీ ఇచ్చిన ఏళ్లున్నాయి; తక్కువైతే ఎగుమతికి తాళం. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా 2019లో ఈ సబ్సిడీల మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 2021 డిసెంబరులో విచారణ మండలి భారత్‌కు వ్యతిరేకంగా చెప్పింది. భారత్ అప్పీలు చేసింది. అప్పీలు వినవలసిన పీఠంలో సభ్యులే లేనందున వ్యవహారం అక్కడే నిలిచింది. ఫిర్యాదు చేసే దేశాల చేతులూ శుభ్రం కావు. యూరప్ దేశాలు దశాబ్దాల పాటు తమ బీట్ దుంప చక్కెరను సబ్సిడీతో ప్రపంచ మార్కెట్లో గుమ్మరించి, 2005లో ఇదే సంస్థ ముందు ఓడిపోయాయి. అమెరికా తన చక్కెర రైతుల కోసం కోటాలు పెట్టి దేశంలో ధరను ప్రపంచ ధర కన్నా ఎత్తున నిలిపింది. పర్యవసానంగా అక్కడి పెద్ద శీతలపానీయ కంపెనీలు 1984 నాటికి చెరకు చక్కెర మానేసి మొక్కజొన్న పాకానికి మారాయి. చక్కెర ప్రియమైనందువల్ల అమెరికా ప్రజలు తీపి తగ్గించుకోలేదు, మరో గింజ నుంచి పిండిన తీపి తాగారు. సంరక్షణ విధానం ఎన్ని మేళ్లు చేసినా దాన్ని ఆరోగ్య విధానంగా పొరబడరాదనటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక రెండో గోడ. శ్రీనివాసపురం తాలూకా కోలారు జిల్లా మామిడికి గుండెకాయ. అక్కడా, ముళబాగిలు వైపునా పల్లెల్లో చాలామందికి ఇంటి మాట తెలుగే. చిలుక ముక్కులాంటి కొన, దళసరి తోలు, గట్టి కండ గల తోతాపురి ఆ తోటల్లో ముఖ్యమైన రకం. దాన్నే కొందరు బెంగళూరా అనీ, కొందరు కలెక్టర్ కాయ అనీ పిలుస్తారు. చేతిలో పట్టుకుని తినే పండుగా దానికి బేనీషా రకపు మామిడికున్న గిరాకీ లేదు. అది ఫ్యాక్టరీకి పోయే కాయ: కడిగి, తోలూ టెంకా వేరుచేసి, గుజ్జు తీసి, వేడిచేసి, క్రిములు చొరబడని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. ఆ గుజ్జు ఫ్యాక్టరీలు సరిహద్దుకు అవతల చిత్తూరు జిల్లాలోనూ, తమిళనాట కృష్ణగిరిలోనూ గుంపుగా ఉన్నాయి. కాబట్టి కోలారు రైతు తోతాపురి నంగలి దాటి పలమనేరు దారి పట్టటం, చిత్తూరు వైపు ర్యాంపుల్లో, అంటే కాయలు తూకం వేసి కొనే గుత్త దుకాణాల్లో, దిగటం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యాపారం.

2025 వేసవిలో కాపు విరగకాసింది, గుజ్జు ఫ్యాక్టరీల్లో కిందటేటి నిల్వలు మిగిలే ఉన్నాయి, ధర పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రైతును ఆదుకోవటానికి కిలోకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు ప్రకటించింది: ఫ్యాక్టరీ 8 రూపాయలివ్వాలి, ఖజానా 4 రూపాయలు కలపాలి. బయటి కాయ చౌకగా వచ్చి పడితే ఈ ఏర్పాటు నిలవదన్న ఆలోచనతో జూన్ 7న చిత్తూరు జిల్లా యంత్రాంగం ఇతర రాష్ట్రాల తోతాపురి లోపలికి రాకుండా ఉత్తర్వు ఇచ్చి, సరిహద్దు తనిఖీ కేంద్రాల్లో రెవెన్యూ, పోలీసు, అటవీ, మార్కెటింగ్ శాఖల సిబ్బందిని నిలిపింది. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుకు లేఖ రాసి ఉత్తర్వు ఎత్తివేయమని కోరారు. మామిడికి క్వింటాలు సాగు ఖర్చే 5,466 రూపాయలని తమ ధరల కమిషన్ లెక్కగట్టగా, మార్కెట్ ధర 12,000 రూపాయల నుంచి 3,000 రూపాయలకు దిగజారిందని ఆయన కేంద్రానికి రాసిన లేఖలో పేర్కొన్నారు. ఆ తర్వాత కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద కర్ణాటకలో రెండున్నర లక్షల టన్నుల వరకు, క్వింటాలుకు 1,616 రూపాయల ధర లెక్కన, తేడా చెల్లింపుకు ఒప్పుకుంది.

చిత్తూరు యంత్రాంగం చేసింది దుర్మార్గమని అనటం తొందరపాటు అవుతుంది. తన ఖజానా నుంచి కిలోకు 4 రూపాయలు ఇచ్చే ప్రభుత్వం ఆ సొమ్ము ఎవరికి చేరుతున్నదో చూసుకోవటం సహజం. 1932లో జావా చక్కెర విషయంలో ఢిల్లీ చేసిన ఆలోచనే అది. కాని భారత రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా వర్తక, వాణిజ్యాలు స్వేచ్ఛగా సాగాలంటుంది. ప్రజాప్రయోజనం కోసం ఒక రాష్ట్రం ఆంక్ష పెట్టదలిస్తే, రాష్ట్రపతి ముందస్తు అనుమతితో శాసనసభలో చట్టం చేయాలని 304వ అధికరణం దారి చూపుతుంది. రెండు దేశాల మధ్య కట్టిన గోడ మీద ఫిర్యాదుకు, ఎంత బలహీనమైనదైనా, జెనీవాలో ఒక వేదిక ఉంది. నంగలి దగ్గర ఆగిన ట్రాక్టరులో కాయ మగ్గిపోతుంటే రైతుకు అందుబాటులో ఉన్న వేదిక ఏది? కోర్టు తీర్పు వచ్చేసరికి మామిడి కాలం ముగుస్తుంది.

ఇంతకూ ఈ కాయ చివరికి ఏమవుతున్నది? గుజ్జులో కొంత గల్ఫ్ దేశాలకూ యూరప్‌కూ పోతుంది. దేశంలో మిగిలేదానిలో చాలా భాగం జనం మ్యాంగో జ్యూస్ అని పిలుచుకునే పానీయాలలోకి పోతుంది. చట్టం దృష్టిలో అవి జ్యూస్ కావు, పండ్ల పానీయాలు. పండ్ల పానీయం అనిపించుకోవటానికి నూటికి పది వంతులు పండు ఉంటే సరిపోతుంది. కేజీఎఫ్‌లోని మారికుప్పం నుంచి రోజూ తెల్లవారుజామున బెంగళూరుకు కూలికీ ఉద్యోగానికీ పోయే రైళ్లలో, 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడ్డ తర్వాత కేజీఎఫ్ జనానికి అవే దిక్కు అయిన రైళ్లలో, పసిపిల్ల చేతిలో కూడా కనిపించే పొట్లం అది.

200 మిల్లీలీటర్ల పొట్లం ఒకటి విప్పి లెక్క చూడవచ్చు. పది శాతం లెక్కన అందులో గుజ్జు సుమారు 20 గ్రాములు. అంత గుజ్జు రావటానికి కాయ దాదాపు 40 గ్రాములు కావాలి, ఎందుకంటే తోలూ టెంకా పోగా మిగిలేది ఇంచుమించు సగం. ఇలాంటి పానీయాల్లో వంద మిల్లీలీటర్లకు 12 నుంచి 14 గ్రాముల చక్కెర ఉండటం మామూలు. 13 అనుకుంటే పొట్లంలో 26 గ్రాములు. గుజ్జులో సహజంగా ఉన్న తీపి మూడు గ్రాములకు మించదు గనుక, ఫ్యాక్టరీలో చేర్చింది 23 గ్రాములు. అంటే మామిడి పేరు పెట్టుకున్న పొట్లంలో మామిడి గుజ్జు కన్నా చేర్చిన చక్కెరే బరువు. డబ్బు లెక్క ఇంకా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. కిలో 8 రూపాయల ధరకు 40 గ్రాముల కాయ ఖరీదు 32 పైసలు. ఖజానా కలిపే 4 రూపాయలూ చేర్చితే 48 పైసలు. మిల్లు గేటు దగ్గర కిలో 40 రూపాయలనుకుంటే 23 గ్రాముల చక్కెర ఖరీదు 92 పైసలు. మామిడి పానీయం తోతాపురి రైతుకన్నా చెరకు మిల్లుకే ఎక్కువ ఇస్తున్నది. ఒక ముఖ్యమంత్రి చేత మరో ముఖ్యమంత్రికి లేఖ రాయించిన ఆ 4 రూపాయల తేడా, పొట్లానికి వచ్చేసరికి పదహారు పైసలు.

ఇప్పుడు ఒంటి లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్వేచ్ఛా చక్కెరల గురించి ఒక మార్గదర్శకం ఇచ్చింది. వంటలోనో ఫ్యాక్టరీలోనో చేర్చే చక్కెరతో పాటు తేనెలోనూ పండ్లరసంలోనూ ఉండేదాన్ని స్వేచ్ఛా చక్కెర అంటారు. నమిలి తినే పండులో పీచుతో కలిసి ఉండే తీపి ఇందులోకి రాదు. మనిషి రోజువారీ శక్తిలో దీని వాటా పది శాతం లోపు ఉండాలనీ, ఐదు శాతానికి, అంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములకు, తగ్గితే ఇంకా మేలనీ ఆ సంస్థ చెప్పింది. పై పొట్లం ఒక్కటే పెద్దవారి ఆ మేలైన హద్దును దాటిపోతుంది; పసిపిల్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ అంచనా కట్టింది. మధుమేహానికి చక్కెర ఒక్కటే కారణం కాదు. తెల్లన్నం, కదలని బతుకు, వంశపారంపర్యం కూడా ఉన్నాయి. కాని పండు బొమ్మ వేసుకుని, పండు పేరు పెట్టుకుని, ఆకలి తీర్చకుండా ఒంట్లోకి దిగే తీపిని ఆ జాబితాలో ముందు వరసలో నిలపటానికి వైద్యులకు తగిన ఆధారాలున్నాయి.

పన్ను విధానం ఈ ఆధారాలను పట్టించుకున్నదా? 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు నింపిన పానీయాల మీద, అందులో పండ్లరసం ఉన్నా సరే, జీఎస్టీ 40 శాతం. గ్యాసు లేని పండ్ల పానీయాల మీద అది 12 నుంచి 5 శాతానికి తగ్గింది. శరీరానికి బుడగ కాదు ముఖ్యం, గ్రాములు ముఖ్యం. పండ్ల రైతుకు ఊతం ఇవ్వటానికే ఈ తగ్గింపు అన్న సమాధానం వినబడుతుంది. ఆ ఉద్దేశం మంచిదే. లెక్క మాత్రం దానికి సాక్ష్యం చెప్పదు. 20 రూపాయల పొట్లం మీద 12 శాతం పన్ను 2 రూపాయల 14 పైసలు, 5 శాతమైతే, అదే మూల ధర మీద, 89 పైసలు; ప్రభుత్వాలు వదులుకున్నది దాదాపు రూపాయి పావలా. తోతాపురి రైతుకోసం ఖజానా పెట్టిన పదహారు పైసలకు ఇది ఎనిమిది రెట్లు. ఆ రూపాయి పావలాలో ఒక్క పైసా శ్రీనివాసపురం తోటకో చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం తోటకో చేరాలన్న షరతు ఎక్కడా లేదు.

గ్రాముల లెక్కన పన్ను వేసిన దేశాలున్నాయి. అందులో దక్షిణాఫ్రికా తెలుగువారికి కొత్త దేశం కాదు. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడతో మొదలై, తెలుగు కూలీలు నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. చెరకే ప్రాణంగా బతికే ఆ ప్రాంతం ఉన్న దేశమే, రైతుల, మిల్లుల వ్యతిరేకతను ఎదుర్కొని, 2018 నుంచి వంద మిల్లీలీటర్లకు 4 గ్రాములు దాటిన ప్రతి గ్రాము చక్కెరకూ పానీయాల మీద సుంకం వసూలు చేస్తున్నది. బ్రిటన్ అదే ఏడాది వరసల వారీగా సుంకం పెట్టగా, పై వరసలో పడకుండా ఉండటానికి కంపెనీలు తమ పానీయాల్లో చక్కెరనే తగ్గించాయి. జనాన్ని కాదు, తయారీదారుని మార్చటం ఆ పన్నులోని తెలివి.

సరుకు లెక్క ముందూ ఒంటి లెక్క తర్వాతా అన్న పాఠం కేజీఎఫ్‌కు పాతదే. ఛాంపియన్ రీఫ్, ఉరిగాం, నందిదుర్గ్ గనుల్లో బంగారాన్ని ఔన్సుల లెక్కన తొలి రోజు నుంచీ రాసిపెట్టారు. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ గనికూలీకి వచ్చే జబ్బుగా లెక్కకెక్కి, దానికి నష్టపరిహారం దక్కటానికి దశాబ్దాలు పట్టింది. ధూళిని కొలవటం, తడిపి డ్రిల్లింగు చేయటం, గాలి ఆడించటం, ఎక్స్‌రే తీయటం క్రమంగా నియమాలయ్యాయి. ఈనాడు ఆ ఊళ్లలో, బంగారం తీయగా మిగిలిన మట్టితో పేరుకున్న సైనైడ్ దిబ్బలు మిగిలాయి; గనికూలీల కాలం నాటి ఆసుపత్రి వైభవం మిగలలేదు; మధుమేహానికి మందు కొనవలసింది రైలెక్కి కూలికి పోయే కుటుంబమే.

అందుచేత చేయవలసినవి రెండు. మామిడి పూత నిలిచే వేళకే ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ఉద్యాన శాఖలు గుజ్జు ఫ్యాక్టరీలతో కలిసి కూర్చుని, నిల్వలు బయటపెట్టించి, మూడు రాష్ట్రాల తోతాపురికీ ఒకే ధర ఖాయం చేయాలి; తనిఖీ కేంద్రం దగ్గర ట్రాక్టర్లు ఆగాక రాసుకునే లేఖలు కాయను కాపాడవు. జీఎస్టీ మండలి పానీయాల పన్నును గ్యాసు ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాక చేర్చిన చక్కెర గ్రాములను బట్టి విధించి, నిజంగా గుజ్జు ఎక్కువ వాడే తయారీకి మాత్రమే రాయితీ ఇవ్వాలి. గుజ్జు పది శాతం ఇరవై అయితే ఒక్కో పొట్లంలోకి పోయే శ్రీనివాసపురం కాయ రెట్టింపు అవుతుంది, పొట్లంలో చేర్చే చక్కెరా కొంత తగ్గుతుంది.

చివరగా ఒక్క మనవి. పిల్లల చేతికి పొట్లం ఇచ్చే ముందు దాన్ని వెనక్కి తిప్పి, గుజ్జు శాతం ఎంతో, చేర్చిన చక్కెర ఎన్ని గ్రాములో చదవండి. ఆ రెండు అంకెలూ పొట్లం మీద అచ్చయ్యే ఉంటాయి.